రేకు మీది పద్నాలుగు రాళ్లు

బుధవారం మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు కాజీపల్లి మీద గాలిదుమారం విరుచుకుపడిందనీ, వెనకాలే వడగండ్లు రాలాయనీ, గౌసియా బేగం కిరాయికిచ్చిన అయిదు గదుల వరుసలో చివరి గది రేకు లేచి ఆమె భర్త ఫజలుద్దీన్ మీద పడిందనీ పోయిన వారం చదివారు. ఆయన భుజం ఎముక విరిగింది. తలకు తొమ్మిది కుట్లు పడ్డాయి. సంగారెడ్డి ఆసుపత్రిలో ఉన్నాడు. రేకు కదలకుండా దాని మీద పెట్టిన రాళ్లను గాలి రాకముందే ఎవరో దించేశారన్న సంగతి అప్పుడే వీధంతా పాకింది. దించిందెవరో మనకు తెలుసు. ఆ చివరి గదిలో ఉండే నూకరత్నానికి తెలుసు, ఎందుకంటే దించింది ఆమే. ఆమె మొగుడు శివరామకృష్ణకూ తెలుసు. వీధికి తెలియదు. తెలియని వీధి ఊరికే కూర్చుంటుందా? ఫజలుద్దీన్ అన్న కొడుకు ఇజాజ్ పేరు పట్టుకుంది.

శుక్రవారం పొద్దున నూకరత్నం, రేకు పోయిన చోట పట్టా కప్పిన తన గది గుమ్మంలో నిలబడి ఆకాశం వైపు చూసింది. మబ్బు తునక లేదు. బుధవారం పన్నెండింటికి కూడా ఇలాగే లేదు. అందుకే ఆమెకు ఆ ఖాళీ ఆకాశం మీద నమ్మకం పోయింది. ఉప్పాడలో పుట్టి పెరిగిన మనిషికి గాలివానంటే కొత్తా? కాకినాడ పోర్టులో మూడో నంబరు జెండా ఎగరేశారంటే వలలు ఇంట్లోకి తెచ్చుకునేవాళ్లు. ఏడో నంబరంటే ముసలివాళ్లను బడికి చేర్చి, బియ్యం డబ్బా అటక మీద పెట్టి, పడవలను రోడ్డు దాకా లాగేవాళ్లు. రెండు రోజుల ముందే సముద్రం రంగు మారేది, తూర్పుగాలి బరువెక్కేది, రేడియోలు మొత్తుకునేవి. తుపాను అక్కడ కబురు పెట్టి వచ్చే చుట్టం. వచ్చి ఎంత పాడుచేసినా, వస్తున్నానని మాత్రం చెప్పేది.

ఇక్కడ అదేమీ లేదు. ఫిబ్రవరిలో మొగుడి వెంట పెట్టె సర్దుకుని వచ్చిన దగ్గర్నుంచీ ఈ ఊరి వాతావరణం ఆమెకు అంతు చిక్కడం లేదు. చెమట పట్టకుండానే పెదవులు పగిలే ఎండ. ఆరేసిన చీర పావుగంటలో పెళపెళలాడేలా ఎండిపోతుంది. ఆ ఎండలోంచే, ఎవరికీ ఒక మాటైనా చెప్పకుండా, పడమటి నుంచి ఎర్ర దుమ్ము లేచి అరగంటలో వచ్చి కొట్టి, మళ్లీ ఏమీ ఎరగనట్టు ఎండ కాస్తుంది. బుధవారం వడగండ్లు ఇంకా కరగకముందే సూర్యుడు వచ్చేశాడు. ఆ వెలుగులోనే ఆమె ఫజలుద్దీన్ నెత్తురు చూసింది.

"నువ్వు దింపలేదు. అంతే," అని ఆ రాత్రే చెప్పాడు శివరాం. "ఎవరడిగినా అన్నం తిని పడుకున్నానని చెప్పు. ఇంకొక్క ముక్క మాట్లాడకు."

"పెద్దాయన చచ్చిపోతే?"

"చచ్చిపోడు. నువ్వు నోరిప్పితే మాత్రం మనం రోడ్డు మీద పడతాం. ఉప్పాడలో రెండిళ్లు సముద్రంలో కలిసిపోయాయి. ఇది మూడోది. గుర్తుంచుకో."

గుర్తుంచుకోవడానికి ఆమెకు మొగుడు చెప్పక్కర్లేదు. మొదటి ఇల్లు వంటగదితో మొదలై మెల్లమెల్లగా నీళ్లలోకి జారింది. రెండోది ఒక్క అమావాస్య పోటుకే పోయింది. కాజీపల్లిలో తమకు పూచీ పడే మనిషి లేడని పదిమంది గది ఇవ్వనంటే, "పెండ్లయినోళ్లే గద, ఉండుర్రి" అని తాళంచెవి చేతిలో పెట్టింది గౌసియా బేగం ఒక్కతే. ఆ బేగం మొగుడి భుజమే ఇప్పుడు విరిగింది.

ఎదురింటి రాజవ్వ అరుగు మీద చింతపండు కుప్ప పోసుకుని గింజలు తీస్తోంది. ఈ చుట్టుపక్కల కంపెనీలు వెలిసిన నేలల్లో ఒకప్పుడు ఆమె జొన్న విత్తింది. వాతావరణం విషయంలో వీధి టీవీ మాట వినదు, రాజవ్వ మాట వింటుంది.

"ఊకె మొగులు దిక్కు సూడకు పిల్లా. ఇయ్యాల రాదు," అంది రాజవ్వ.

"మీకెలా తెలుస్తది రాజవ్వ గారూ?"

"పడమటి గాలి బందయి, కోళ్లు చెట్ల కిందికి జేరి, ఒళ్లంత చిటచిట అంటె అస్తది. ఎర్రగ దుమ్ము లేసిందంటె చెప్పులిడిచి ఇంట్లకురకాలె. గంతే. ఎంత జెర్ర టైమనుకున్నవ్? పొయ్యి మీది చాయ పొంగేటంత." గింజ ఒకటి పక్కకు విసిరి గొంతు తగ్గించింది. "గా రాళ్లు నా కండ్ల ముంగట వెట్టిన్రు. పదేండ్లాయె. బోల్టులు తుప్పు వట్టినయి, కొత్తయి ఏయిస్త ఏయిస్త అనుకుంటనే ఫజలు పటేలు దినాలు గడిపిండు. రాళ్లే ఆపుకొచ్చినయి. ఎండకాలంల రేకు మీదికెల్లి రాళ్లు దీసేటోడు మనిషేనా? చంపుదామనే దీసిండ్రు ఎవరో."

నూకరత్నం చింతపండు వైపు చూస్తూ నిలబడింది. పైకెత్తితే తన కళ్లలో అంతా కనబడిపోతుందని భయం.

"నీ బొటనవేలు గట్ల నల్లగయ్యిందేంది?" అంది రాజవ్వ ఉన్నట్టుండి.

"తలుపులో పడిందండి," అని అబద్ధమాడి ఇంట్లోకి వచ్చేసింది. వెనక రాజవ్వ చేతుల్లో చింతపండు చప్పుడు ఆగిపోయినట్టు ఆమెకు అనిపించింది. నిజంగా ఆగిందో, భయం అలా వినిపించిందో.

వారపు సెలవని చెప్పి శివరాం ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. పాడవని ఫ్యాను విప్పి పెట్టుకుని కూర్చున్నాడు.

మూడు గంటలకు ఆటో ఆగింది. గౌసియా బేగం దిగింది. రెండు రోజులుగా నిద్ర లేని ముఖం. ఆసుపత్రికి బట్టలు తీసుకుపోవడానికి వచ్చానంది గానీ, బట్టల కోసం ఇంట్లోకి పోలేదు. నేరుగా చివరి గది పక్కన ప్రహరీగోడకు ఆనించి ఉన్న నిచ్చెన దగ్గరికి వెళ్లి నిలబడి ఫోను తీసింది. "ఇజాజ్, ఇంటికి రా. జల్దీ రా," అని పెట్టేసింది. తర్వాత గట్టిగా పిలిచింది.

"ఎవరెవరున్నరు గదులల్ల? అందరు బయటికి రాండ్రి."

మధ్య గదుల కుర్రాళ్లు డ్యూటీల్లో ఉన్నారు. వచ్చింది శివరాం, నూకరత్నం. ఎదురింటి నుంచి రాజవ్వ పిలవకుండానే వచ్చింది. పది నిమిషాల్లో ఇజాజ్ బండి దిగాడు. పాతికేళ్లవాడు, కరెంటు పనిచేస్తాడు. వీధిలోకి రాగానే నలుగురూ తన వైపే చూడటం అతనికి రెండు రోజుల్లో అలవాటైపోయింది కాబోలు, ఎవరినీ పలకరించలేదు.

"చాచాకెట్లుంది చాచీ?"

"చాచా సంగతి తర్వాత. ఈ నిచ్చెన ఎవరిది?"

నిచ్చెన కాళ్లకు పచ్చరంగు వేసి ఉంది. అది ఎవరిదో వీధిలో పసిపిల్లల్ని అడిగినా చెబుతారు.

"నాదే. అందరికెర్కే గద."

"బుధవారం నాడు ఈడెందుకున్నది?"

"ఆదివారం మెయిన్ బోర్డు సదరనీకి తెచ్చిన. చాచాతోని లొల్లయింది. కోపంల ఈడనే ఇడిచిపెట్టి పోయిన."

"కోపంల ఇంకేమన్నవో గది యాదికున్నదా?"

ఇజాజ్ తల దించుకున్నాడు. ఆదివారం గొడవ వీధంతా విన్నదే. వెనక ఉన్న ఖాళీ జాగాలో తన తండ్రి వాటా పంచమని అతను, ఇప్పుడు కాదని చిన్నాన్న. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర నిలబడి, "ఈ రేకులు ఎన్నొద్దులు నిలవడ్తయో నేను గూడ జూస్త" అని అరిచాడు. మూడు రోజులు తిరక్కుండా రేకు లేచింది.

"అన్నది నిజమే," అన్నాడు ఇజాజ్. "నోటికొచ్చింది అన్న. అన్నంత మాత్రాన పైకెక్కి రాళ్లు దీస్తనా? చాచా దినాం కుర్సీ ఏసుకొని కూసునే తావు అది. మా అబ్బ పోయినంక నన్ను పెంచింది చాచానే. అల్లా కసం చాచీ, నేను దీయలే."

"మరి ఎవరు దీసిన్రు? దయ్యాలు దీసినయా? రాళ్లు రెక్కలొచ్చి ఎగిరినయా? గాలికి కింద వడితె ఈడనే ఉండాలె గద. ఒక్కటన్న లేదు." బేగం గొంతు వణికింది. "నేను ఇప్పుడు ఠాణాకు పోతున్న. నీ పేరు రాసిస్త. గీ మాట నీకు చెప్పి పోదామనే పిలిచిన. దొంగలెక్క రాసియ్యొద్దని."

ఇజాజ్ ముఖంలో రంగు పోయింది. "చాచీ, సోమవారం నాడు భానూరు దిక్కు కంపెనీల జాయిన్ గావాలె. పోలీసులు రాసిచ్చే కాయితం కోసమే ఆగింది. కేసు వడితె ఆ నౌకరీ ఇగ జిందగీల రాదు. రెండేండ్లు తిరిగిన దాని కోసం. నీకెర్కే."

"రాళ్లు దీసేటప్పుడు సోచాయించాలె."

నూకరత్నం మొగుడి వైపు చూసింది. గుమ్మానికి చేరబడి నిలబడిన శివరాం కళ్లతోనే వద్దన్నాడు. ఆమెకు ఒక్క క్షణం అతని మాటే సబబనిపించింది కూడా. ఎవరో ఇజాజ్, ఎవరో కంపెనీ. తన తలమీద కప్పు తనది. నాలుగు రోజులు నోరు మూసుకుంటే ఇదీ గడిచిపోతుంది. కానీ ఆ కుర్రాడు నిలబడిన తీరు ఆమె చూడలేకపోయింది. చేయని తప్పుకు ఏ ముఖం పెట్టాలో తెలియక, చేసినవాడిలాగే కనబడుతున్నాడు. చేసిన తను మాత్రం ఏమీ ఎరగనిదానిలా కొంగు సర్దుకుని నిలబడింది. సిగ్గుతో ఆమె ఒళ్లు మండిపోయింది.

"నేను దింపేనండి, బేగం గారూ."

"ఏంది?"

"ఆ రాళ్లు నేనే దింపేనండి. బుధవారం పన్నెండున్నరకి. పెద్దాయన నమాజుకెళ్లేరు, మీరు పడుకున్నారు. నిచ్చెన గోడకుంటే అడక్కుండా తీసుకున్నాను. ఇజాజుకేమీ తెలీదండి."

శివరాం "రత్నం!" అని ఒక్కమాట అని ఊరుకున్నాడు. గౌసియా బేగం ఆమెను కింది నుంచి పై దాకా చూసింది.

"ఎందుకు దీసినవ్?"

"గాలొస్తే మీద పడతాయనండి."

"గాలొస్తె రేకు లేవొద్దనే గద రాళ్లు వెట్టేది!"

"మా ఊళ్లో పెట్టరండి. తాడు వేస్తారు. పడవకి కట్టే తాడు రేకు మీంచి వేసి, రెండు పక్కలా గుంజలు పాతి బిగిస్తారు. రేకు ఊగుద్ది గానీ లేవదు. నాకు పదేళ్లప్పుడు తుపానులో పక్కింటి రేకు మీది రాయి ఎగిరొచ్చి మా అమ్మ నడుం మీద పడిందండి. తొమ్మిదేళ్లు మంచం మీదుంది. అలాగే పోయింది. అప్పట్నుంచి మా వీధిలో రేకు మీద గులకరాయి కూడా ఉంచరు." నూకరత్నం గుక్క తిప్పుకుంది. "మంగళవారం సాయంత్రం చిన్న గాలొస్తే మా నెత్తి మీదే రాయొకటి గడగడా దొర్లింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదండి. తెల్లారేక దింపేసేను."

"మరి తాడేది?"

"సాయంత్రం ఈయనొచ్చేక తెప్పిద్దామనుకున్నానండి."

"సాయంత్రమా?" రాజవ్వ నోరు నొక్కుకుంది. "ఎండకాలంల రాళ్లు దీసి, తాడు పొద్దుగూకినంక కడ్తవా బిడ్డా?"

"గాలి చెప్పకుండా వస్తదని నాకు తెలీదండి!" నూకరత్నానికి ఏడుపు పొంగుకొచ్చింది. "మాకు రెండు రోజుల ముందు చెప్తారు. మైకులో చెప్తారు. ఇక్కడ ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆకాశం నీలంగా ఉంది. నీలంగా ఉన్న ఆకాశంలోంచి అలాంటి గాలొస్తదని ఎవరనుకుంటారండి?"

ఇంత నిజం ఒక్కసారిగా బయటపెట్టాక గుండె తేలికపడుతుందనుకుంది ఆమె. తిడతారు, కొడతారేమో, గది ఖాళీ చేయమంటారు. వాటన్నిటికీ సిద్ధపడే నోరు విప్పింది. సిద్ధపడనిది ఒక్కటే. గౌసియా బేగం నవ్వింది. అలసిపోయిన, నమ్మకం లేని నవ్వు.

"ఎవరు నేర్పిన్రు నీకు గిదంత?"

"ఎవరూ నేర్పలేదండి."

"రేకు లేస్తదని దునియాల అందరు రాళ్లు పెడ్తరు. ఈమె గాలొస్తదని రాళ్లు దీసిందంట. నేను రెండు దినాల సంది నిద్ర పోలే గని, నాకు తెలివి పోలే." బేగం ఇజాజ్ వైపు తిరిగింది. "ఎప్పటి సంది ఎర్క నీకు ఈమె?"

"చాచీ!" ఇజాజ్ ముఖం ఎర్రబడింది. "ఆమెతోని నేను సరిగ్గ రెండు మాటలు గూడ మాట్లాడలే." ఆ తర్వాత అతను నూకరత్నం వైపు చూసిన చూపులో కృతజ్ఞత లేదు, అనుమానమే ఉంది. "అక్కా, నిజం చెప్పు. నీతోని గిట్ల చెప్పుమని ఎవరన్న చెప్పిన్రా? నన్ను ఇంక ఇరికియ్యనీకి గాదు గద?"

నూకరత్నం నిర్ఘాంతపోయింది. అబద్ధం చెప్పిన రెండు రోజులూ ఆమెను ఎవరూ అనుమానించలేదు. నిజం చెప్పగానే నలుగురికీ అనుమానమే. ఎవరిని కాపాడదామని చెప్పిందో వాడికి కూడా.

రాజవ్వ మాత్రం ముందుకు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని బొటనవేలు తిప్పి చూసింది. అరచేతులు కూడా చూసింది. అక్కడ ఎర్రగా గీసుకుపోయిన చారలు ఇంకా మానలేదు.

"గౌసియా, జెర ఆగు. ఈ చేతులు రాళ్లెత్తినయే. పొద్దుగాల నాతోని అబద్ధం జెప్పింది ఈ పిల్ల, తలుపుల వడ్డదని. ఇప్పుడు జెప్పింది నిజమేమో." నూకరత్నం కళ్లలోకి చూసింది. "రాళ్లేడ వెట్టినవ్ బిడ్డా? గది సూపియ్యి. చూస్తె అయిపాయె."

"వెనక సందులో, రాజవ్వ గారూ. గదులకీ గోడకీ మధ్యని. పద్నాలుగు రాళ్లు. మళ్లీ ఎవరికైనా కావాలంటే ఇద్దామని పేర్చి పెట్టేను. రండి, చూపిస్తాను."

దారి చూపిస్తూ ఆమె గబగబా నడిచింది. ఇంకొక్క నిమిషంలో ఇజాజ్ బయటపడతాడు, తన మాట నిలబడుతుంది. ఆపై ఏమైనా కానీ. వెనక బేగం, రాజవ్వ, ఇజాజ్ వచ్చారు. శివరాం అందరికన్నా వెనక, కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు.

సందు ఖాళీగా ఉంది.

రాళ్లు లేవు. ఒక్కటి కూడా లేదు. వీధిలో ఎక్కడ చూసినా వడగండ్ల దెబ్బకు రాలిన వేపాకు కుప్పలుగా పడి ఉంది. ఎవరూ తొంగి చూడని ఆ సందు మాత్రం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా శుభ్రంగా ఊడ్చి ఉంది.

"ఇక్కడే పెట్టేనండి," అంది నూకరత్నం. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఈ గోడకే ఆనించి. మూడు వరసలు. ఒట్టండి."

గౌసియా బేగం నిట్టూర్చింది. ఇజాజ్ గోడకు చేరబడి ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు.

నూకరత్నం తల తిప్పి మొగుడిని చూసింది. గురువారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తను బేగంకు తోడుగా ఆసుపత్రిలో ఉంది. ఆ రోజు డ్యూటీ మానేసి ఇంట్లో ఉన్నది అతనొక్కడే. రాళ్లు ఎక్కడ పెట్టిందీ తను అతనికొక్కడికే చెప్పింది. శివరాం ఆమె చూపు తప్పించుకుని గోడ మీది పగులును పరిశీలిస్తున్నాడు. ఆమెకు అర్థమైంది. తనను కాపాడటానికి చేశాడని కూడా అర్థమైంది. అయినా కోపం ఆగలేదు. పద్నాలుగు రాళ్లను ఒక్కొక్కటే మోసి ఎక్కడో పారేసి, సందు ఊడ్చి, రాత్రి తన పక్కన పడుకుని ఈ మనిషి ఒక్క మాటైనా చెప్పలేదు.

"శివరాం," అని పిలిచింది గౌసియా బేగం. "నీ పెండ్లాం గిట్లంటున్నది. నువ్వేమంటవ్?"

"ఏమంటానండి..." శివరాం గొంతు సవరించుకున్నాడు. "ఆవిడ భయపడిపోయిందండి. నెత్తురు చూసిన దగ్గర్నుంచి నిద్ర లేదు, తిండి లేదు. ఏదేదో ఊహించుకుంటుంది. ఆవిడ రాళ్లూ దింపలేదు, ఏమీ దింపలేదు. బుధవారం అన్నం తినేసి పడుకుంది. గాలొచ్చేదాకా లేవలేదు."

మొగుడి నోట తను అబద్ధాలకోరుగా, పిచ్చిదానిగా తేలిపోతుంటే నూకరత్నం కొయ్యబారిపోయింది.

ఇజాజ్ ముఖం మీంచి చేతులు తీశాడు. "నీకెట్ల ఎర్క అన్నా? బుధవారం నువ్వు డ్యూటీల ఉంటివి గద?"

ఆవిడే చెప్పిందండి అంటే ఆ మాట అక్కడితో అయిపోయేది. నూకరత్నం కూడా అదే అంటాడనుకుంది. కానీ అబద్ధం కొత్తగా ఆడేవాళ్లకు ఎక్కడ ఆపాలో తెలియదు. సాక్ష్యం గట్టిగా ఉండాలని శివరాం ఇంకో అడుగు ముందుకు వేశాడు.

"నేనింట్లోనే ఉన్నాను. నా కళ్లతో చూశాను."

"డ్యూటీ?"

"డ్యూటీ లేదు." ఆ రెండు మాటలూ అనేశాక శివరాం ఆగిపోయాడు. ఇక వెనక్కి తీసుకోలేడని తెలిసినవాడిలా నేల చూస్తూ మిగతాది కూడా చెప్పేశాడు. "నన్ను కంపెనీ వాళ్లు తీసేసి పన్నెండు రోజులైందండి."

నూకరత్నానికి సందూ రాళ్లూ అన్నీ ఒక్కసారి దూరమైపోయినట్టయింది. బుధవారం అతను ఇంట్లో ఉన్నాడన్నది పచ్చి అబద్ధం. ఆ గదిలో ఉన్నది తనొక్కతే, అది తనకు తెలుసు. కానీ పన్నెండు రోజుల మాట చెప్పినప్పుడు అతని గొంతు జీరపోయిన తీరు అబద్ధం కాదు. సెలవని చెప్పిన రోజులు పోను, రోజూ తను పొద్దున్నే లేచి క్యారేజీ కట్టింది. రోజూ అతను సాయంత్రం దాన్ని ఖాళీగా తెచ్చి ఇచ్చాడు. మరి పగలంతా ఎక్కడికి పోతున్నట్టు? ఈ మాటలో ఏది నిజమో ఏది కాదో వేరు చేయగలిగింది ఆమె ఒక్కతే. మిగతా ముగ్గురికీ అంతా ఒక్కటిగానే వినబడింది.

గౌసియా బేగం ఇజాజ్‌ను దాటుకుని మెల్లగా శివరాం ముందుకు వచ్చి నిలబడింది. ఇప్పుడామె ముఖంలో అలసట లేదు.

"బుధవారం నువ్వు గదిలనే ఉన్నవ్."

"ఆయ్. ఉన్నానండి."

"గాలొచ్చినప్పుడు గూడ."

"ఉన్నానండి."

"రేకు మా ఆయన మీద వడ్డది. నేను, రాజవ్వ, నీ పెండ్లాం, ముగ్గురాడోళ్లం ఆ రేకు లేవట్టలేక మొత్తుకున్నం. ఒక్క మొగ మనిషన్న రాండ్రని వాడకట్టంత వినవడేటట్టు ఒర్లిన. నా గొంతు ఇంక బొంగురువోయే ఉన్నది." ఆమె గొంతు తగ్గించింది. "నాలుగడుగుల దూరంల ఉండి నువ్వెందుకు రాలే?"

శివరాం సందు బయటి వైపు చూశాడు. రాజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇజాజ్ సందు మొదట్లోకి జరిగి నిలబడ్డాడు. అతన్ని దాటుకుని పోవడానికి ఇక దారి లేదు. ఆ రోజు అతను గదిలో లేడని తెలిసిన నూకరత్నం కూడా వాళ్లలో ఒకతిగా నిలబడి, మరెక్కడున్నాడో చెబుతాడని మొగుడి జవాబు కోసం చూసింది.